నూలు లంగోటాలు: బాబుకు నడక వచ్చేదాకా వాడిన అనుభవం

మా బాబు పుట్టిన మొదటి వారం నుంచి నడక నేర్చేదాకా పగటిపూట నూలు లంగోటాలే కట్టాము. రాత్రివేళ, ప్రయాణాల్లో మాత్రం ఒకసారి వాడి పారేసే డైపర్లు వేశాము. లంగోటాల్లో దుకాణంలో కొన్న మస్లిన్ గుడ్డలు కొన్ని, మా అత్తగారు తన పాత నూలు చీరలు చింపి, అంచులు మడిచి కుట్టి ఇచ్చినవి కొన్ని. రెండింటిలో నాకు నచ్చినవి చీర గుడ్డలే. ఏళ్ల తరబడి ఉతికిన నూలులో గంజి మిగలదు, ఊడే రంగూ ఉండదు, తడిని వెంటనే పీల్చుకుంటుంది. కొత్త మస్లిన్ గుడ్డ నాలుగైదు ఉతుకులు పడేదాకా నీటిని సరిగా పట్టదు కాబట్టి, కాన్పుకు ముందే ఉతికి పెట్టుకోవడం మంచిది.

గుడ్డ కడితే ఒరుపు (లంగోటా కట్టే చోట చర్మం ఎర్రబడి కందడం) రాదని, డైపర్ వేస్తేనే వస్తుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. నా అనుభవంలో అది సగమే నిజం. చర్మాన్ని పాడుచేసేవి తడి, రాపిడి, మలం. మూత్రంలోని యూరియాను మలంలోని సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. దానితో చర్మం మీద సహజంగా ఉండే ఆమ్లగుణం తగ్గిపోతుంది. అప్పుడు మలంలో ఉన్న, కొవ్వునూ మాంసకృత్తులనూ జీర్ణం చేసే ఎంజైములు చురుకెక్కి పసిచర్మాన్నే కొరకడం మొదలుపెడతాయి. డైపర్‌లోని జెల్ తడిని లోపలికి లాగి బంధిస్తుంది కాబట్టి, తడిసిన గుడ్డ కంటే అది చర్మాన్ని పొడిగానే ఉంచుతుంది. అయినా మా బాబుకు పగలు ఒరుపు అరుదుగా వచ్చిందంటే, గుడ్డ తడిసిన సంగతి వాడికీ మాకూ ఆ క్షణమే తెలిసేది, వెంటనే మార్చేవాళ్లం. గుడ్డ చేసిన మేలంతా ఇదే. పైన ప్లాస్టిక్ నిక్కరు తొడిగితే ఆ మేలు కాస్తా పోతుంది. పక్క తడవకపోవచ్చు గానీ లోపల ఆవిరి పట్టి చర్మం నానిపోతుంది.

ఇక అసలు శ్రమ ఉతుకులో ఉంది. మేముండేది హైదరాబాద్‌లో, బోరు నీళ్ల మీద ఆధారపడిన అపార్ట్‌మెంటులో. ఆ నీళ్లలో సబ్బు సరిగా నురగ రాదు, నీటి లవణాలతో కలిసి తెట్టులా గుడ్డకే అంటుకుంటుంది. కొన్నాళ్లకు మెత్తని చీర గుడ్డ కూడా అట్టలా బిరుసెక్కి తొడల దగ్గర ఒరుసుకుంటుంది. సబ్బు తగ్గించి, చివరి జాడింపు నగరపాలక కుళాయిలో వచ్చే మంజీరా నది నీళ్లతో చేయడం మొదలుపెట్టాక ఆ బిరుసు తగ్గింది. మలం ఉన్న గుడ్డను ముందు చన్నీళ్లలో జాడించి, తరువాత వేడినీళ్లలో సువాసన లేని డిటర్జెంటు కొద్దిగా వేసి నానబెట్టి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి. బట్టలను మెత్తబరిచే ద్రవాలు వద్దు. అవి నూలు మీద పొరలా పేరుకుని పీల్చే గుణాన్ని తగ్గిస్తాయి. ఎండ తగిలితే పసుపు మరకలు వాటంతటవే వెలిసిపోతాయి. వానాకాలమే కష్టం: గదిలో దండెం మీద ఆరేసిన గుడ్డ మర్నాటికీ ఆరక ముక్క వాసన వేసేది, ఇస్త్రీ చేయక తప్పేది కాదు.

తుడవడానికి కూడా ఇంట్లో చిన్న నూలు ముక్కలు, గోరువెచ్చని నీళ్లే వాడాము. తడి వైప్స్ బయటకు వెళ్లినప్పుడు ఉపయోగమే; కొనేముందు వెనుక పట్టీ చదివి, సువాసన, మిథైల్ ఐసోథయజోలినోన్ అనే, పాడవకుండా నిల్వ ఉంచే పదార్థం లేనివి ఎంచుకున్నాను. చర్మానికి అలర్జీ తెస్తుందని దానిని కడిగేయకుండా వదిలే సౌందర్య సాధనాల్లో ఐరోపా సమాఖ్య 2017 నుంచి నిషేధించింది. తుడిచాక రుద్దకుండా అద్ది, కాసేపు గాలికి వదిలి, ఆ తరువాతే కొత్త లంగోటా కట్టాలి. పౌడరు వేయలేదు, మడతల్లో ముద్ద కడుతుంది, అంతకంటే ముఖ్యంగా దాని ధూళి పసివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. అత్తగారి సున్నిపిండిలో బావంచాలు అనే మూలికా గింజలు ఉంటాయి; ఎండ తగిలితే చర్మాన్ని కమిలించే గుణం వాటికి ఉంది కనుక, బాబు వరకు ఉత్త పెసరపిండితో సరిపెట్టమని కోరాను. ఆవిడ కాస్త నొచ్చుకున్నారు గానీ ఒప్పుకున్నారు.

విరేచనాలు పట్టినప్పుడు మాత్రం ఏ గుడ్డా ఆగలేదు. పిర్రలు ఎర్రగా కందిపోయాయి. పిల్లల డాక్టరు జింక్ ఆక్సైడ్ క్రీము మందంగా రాయమన్నారు, ప్రతిసారీ దాన్ని పూర్తిగా గీకి తీయనక్కర్లేదని, మలం అంటిన పై పొర తుడిచి మళ్లీ రాస్తే చాలని చెప్పారు. అయితే ఆ క్రీము గుడ్డకు అంటితే ఒక పట్టాన వదలదు, అక్కడ నీరు ఇంకదు. అందుకే లోపల ఒక పాత పేలిక పరిచి, పని అయ్యాక పారేసేదాన్ని. మామూలు ఒరుపు ఉబ్బెత్తు భాగాల మీద వస్తుంది, గజ్జల మడతల జోలికి పెద్దగా పోదు. ఎరుపు ఆ మడతల్లోకే పాకి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు చిమ్మినట్టు కనిపిస్తే అది శిలీంధ్రం పని కావచ్చు. దానికి వేరే మందు కావాలి, ఇంటి వైద్యంతో కాలం గడపకూడదు.

ఇంట్లో రోజంతా చూసుకునే మనిషి, ఎండ పడే బాల్కనీ, ఉప్పదనం లేని నీళ్లు ఉన్నవాళ్లకు నూలు లంగోటాలను నిస్సంకోచంగా సూచిస్తాను; ఖర్చు బాగా కలిసివస్తుంది, వేసవిలో చెమటకాయల బాధ తక్కువ. ఆ మూడింటిలో మొదటిది లేకపోతే, బిడ్డను పగలంతా ఇతరులకు అప్పగించి ఉద్యోగానికి వెళ్లవలసి వస్తే, తడి గుడ్డలో గంటలు ఉంచేకంటే మంచి డైపర్ వేసి వేళకు మార్చమని చెప్పడమే మేలు.