యాంటీఆక్సిడెంట్ పరీక్షకి పురుగా, చిట్టెలుకా?

ముసలితనాన్ని ఆపుతుందని చెప్పే యాంటీఆక్సిడెంట్‌ని పరీక్షించడానికి చవకైన దారి సి. ఎలెగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగు. రెండు మూడు వారాల్లో దాని ఆయుష్షు తీరిపోతుంది కాబట్టి జవాబు త్వరగా చేతికొస్తుంది. కానీ ల్యాబులో అది తినేది ఈ.కోలై బాక్టీరియాని, మందు ముందు ఆ బాక్టీరియా మీదే పనిచేసి ఉండొచ్చు, అప్పుడు పురుగు ఎక్కువ రోజులు బతికినా ఆ ఘనత ఎవరిదో తేల్చడం పెద్ద తలనొప్పి.

చిట్టెలుకైతే రెండు మూడేళ్లు ఆగాలి, ఓపికుండాలి. అక్కడా ఒక తిరకాసుంది: మందు కలిపిన మేత రుచించక అది తక్కువ తింటే, ఆ తక్కువ తిండే ఆయుష్షు పెంచేయొచ్చు, పేరు మాత్రం మందుకొస్తుంది. అందుకే ఎలుకల బరువు రాయని పరీక్షని నేనైతే అసలు లెక్కలోకే తీసుకోను.

అయినా నా ఓటు ఎలుకకే. అమెరికాలో ఆయుష్షు పెంచే మందుల్ని చిట్టెలుకల మీద పరీక్షించే ఐటీపీ (ఇంటర్వెన్షన్స్ టెస్టింగ్ ప్రోగ్రామ్) అనే కార్యక్రమంలో ఒకే మందుని మూడు ల్యాబుల్లో పరీక్షిస్తారు. ద్రాక్షలో ఉండే రెస్వెరట్రాల్, పసుపులో ఉండే కర్క్యుమిన్, గ్రీన్ టీ సారం అక్కడ ఆయుష్షు పెంచలేకపోయాయి. ఎన్‌డీజీఏ అనే యాంటీఆక్సిడెంట్ మగవాటికే పనిచేసింది, ఆడవాటికి లేదు. ఇలాంటి తేడా పురుగులో బయటపడటం కష్టం, వాటిలో దాదాపు అన్నీ ద్విలింగ జీవులే (ఒకే ఒంట్లో ఆడ, మగ రెండూ ఉన్నవే) మరి.