రిమోట్ స్టార్టర్‌తో కొన్నేళ్లు: రేంజ్ కన్నా వైరింగ్ ముఖ్యం

కారు దగ్గరికి వెళ్లకుండానే ఇంజిన్ ఆన్ చేసే రిమోట్ స్టార్టర్‌ను బయట కొని బిగించుకుని కొన్నేళ్లయింది. మండే ఎండలూ గడ్డకట్టే చలీ రెండూ చూసింది. బాగానే పనిచేస్తోంది, మళ్లీ కొనాల్సి వచ్చినా కొంటాను. అయితే కొనేముందు అందరం ఆరా తీసేది రేంజ్ ఎంత అని. వాడుకలోకి వచ్చాక ఆ అంకె గుర్తుకు కూడా రాదు. ఆ పెట్టెను కారు వైర్లకు కలిపిన మనిషి పనితనం మాత్రం రోజూ తెలుస్తూనే ఉంటుంది.

నాది తాళం తిప్పి స్టార్ట్ చేసే పెట్రోల్ కారు, ఆటోమేటిక్ గేరు. తీసుకున్నది టూ-వే రిమోట్. వన్-వే రకం సిగ్నల్ పంపి ఊరుకుంటుంది, ఇంజిన్ అందుకుందో లేదో మనకు చెప్పదు. టూ-వేలో కారు నుంచి జవాబు వస్తుంది. స్టార్టయితే ఒక శబ్దం, కాకపోతే ఇంకొకటి. కారు కంటికి కనబడని చోట నిలిపేవాళ్లు ఇదే తీసుకోవాలి. డబ్బా మీద రాసే రేంజ్ ఏ అడ్డూ లేని ఆరుబయట లెక్క, మధ్యలో కాంక్రీటు గోడలు వస్తే అందులో కొంతే మిగులుతుంది. ఫోన్ యాప్‌తో నడిచే రకాలకు దూరంతో పని లేదు కానీ, చాలావాటికి చందా కడుతూ ఉండాలి, కారున్న చోట మొబైల్ సిగ్నల్ కూడా అందాలి.

అసలు చిక్కు ఇమ్మొబిలైజర్‌తో. తాళంలో చిన్న చిప్ ఉంటుంది, దాని కోడ్ సరిపోతేనే కారు కంప్యూటర్ ఇంజిన్‌ను నడవనిస్తుంది. కొత్త కార్లకు ఇది ఐరోపాలో 1998 నుంచి, కెనడాలో 2007 నుంచి తప్పనిసరి. రిమోట్‌తో స్టార్ట్ చేసేటప్పుడు తాళం కారులో ఉండదు కాబట్టి, తాళం ఉన్నట్టే కంప్యూటర్‌ను ఒప్పించడానికి బైపాస్ మాడ్యూల్ అనే మరో పెట్టె కావాలి. పాత పద్ధతిలో స్పేర్ తాళాన్నే డ్యాష్‌బోర్డ్ కింద దాచి, దాని చుట్టూ తీగ చుట్టేవాళ్లు. అలా చేయించుకోవద్దు. దొంగకు కావలసిన తాళాన్ని మనమే కారులో పెట్టినట్టవుతుంది. ఫోర్టిన్, ఐడేటాలింక్ లాంటి పేర్లతో దొరికే డేటా బైపాస్‌లు నేరుగా కారు కంప్యూటర్‌తోనే మాట్లాడతాయి. మీ మోడల్‌కు, మీ సంవత్సరానికి సరిపడే బైపాస్ ఉందో లేదో తేల్చుకోకుండా స్టార్టర్‌కు డబ్బు కట్టొద్దు.

బిగింపు రోజు నేను పక్కనే ఉన్నాను. ఎవరైనా ఉండాలనే చెబుతాను. పని చాలావరకు స్టీరింగ్ కింద జరుగుతుంది: బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటుండే వైరు, ఇగ్నిషన్, యాక్సెసరీ, సెల్ఫ్ మోటారు వైర్లు, వాటితో పాటు బ్రేకు పెడల్ స్విచ్. ఏది ఏదో మల్టీమీటర్‌తోనే చూడాలి. బల్బు వెలిగే టెస్ట్ ల్యాంప్ కరెంటు ఎక్కువ లాగుతుంది, డేటా వైరు మీద పెడితే కంప్యూటర్‌కే దెబ్బ తగలొచ్చు. పసుపు తొడుగున్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి వెళ్లనే కూడదు. కొన్ని మోడళ్లకు టీ-హార్నెస్ దొరుకుతుంది. కారు ప్లగ్గుకీ సాకెట్‌కీ మధ్య దూరిపోతుంది, కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయనక్కర్లేదు. నా మోడల్‌కు దొరకలేదు. అందుకే ప్రతి అతుకూ సోల్డరింగ్ చేసి టేపు చుట్టమని ముందే మాట తీసుకున్నాను. వైరు మీద నొక్కేసే క్లిప్పులు త్వరగా పనవుతాయి కానీ, ఇంజిన్ అదురుకూ తేమకూ క్రమంగా వదులవుతాయి. ఇన్నేళ్లలో స్టీరింగ్ కింద ప్యానెల్ మళ్లీ విప్పాల్సిన పని రాలేదంటే ఆ సోల్డరింగ్ చలవే.

ఇంజిన్ అందుకుందని స్టార్టర్ మాడ్యూల్‌కు ఎలా తెలుస్తుందో కూడా అడగండి. వోల్టేజీ పెరగడాన్ని బట్టి ఊహించే పద్ధతి ఒకటుంది, చలిలో బ్యాటరీ డీలా పడినప్పుడు అది తడబడుతుంది. సెల్ఫ్‌ను అవసరానికి మించి తిప్పుతుంది, లేదా ముందే వదిలేస్తుంది. ఇంజిన్ తిరిగే వేగాన్ని నేరుగా చదివే పద్ధతే నమ్మదగినది.

బానెట్ కింద పెట్టే పిన్ స్విచ్ చిన్న వస్తువే. మెకానిక్ చెయ్యి ఫ్యాన్ బెల్టు దగ్గర ఉండగా ఎవరో ఇంట్లోంచి బటన్ నొక్కితే ఆ చేతిని కాపాడేది అదే. బానెట్ తెరిచి ఉంటే ఇంజిన్ స్టార్ట్ కాదు. అది లేకుండా కానిచ్చేద్దామనే బిగింపుదారు దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. దీర్ఘకాలం వాడాక నాకొచ్చిన ఒకే ఒక్క ఇబ్బంది కూడా ఈ పిన్‌తోనే. వానకూ దుమ్ముకూ తుప్పు పట్టి, మూసిన బానెట్‌ను తెరిచినట్టు చూపించింది, రిమోట్ ఎంత నొక్కినా కారు స్టార్ట్ కాలేదు. పార్కింగ్ లైట్లు ఇన్నిసార్లు వెలిగితే ఫలానా కారణమని మాన్యువల్‌లో ఉంటుంది. దాన్ని బట్టే తెలిసింది. స్విచ్ శుభ్రం చేయించగానే సరిపోయింది. అద్దానికి అంటించే యాంటెన్నా గురించి కూడా ఒక మాట: లోహం కలిసిన సన్‌ఫిల్మ్ ఉంటే దాని మీద అంటించవద్దు, సిగ్నల్ అక్కడే చచ్చిపోతుంది.

వారాల తరబడి కారు కదలకపోతే బ్యాటరీ మీద కన్నేయాలి. మాడ్యూల్ ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. 20 మిల్లీఆంపియర్లు లాగుతుందనుకున్నా నెలకు 14 ఆంపియర్-అవర్లు పోతాయి, 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో అది దాదాపు మూడో వంతు. సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు వ్యాలే మోడ్‌లో పెట్టడం మరవకండి, అప్పుడు రిమోట్ స్టార్ట్ పనిచేయదు.

మూసిన గ్యారేజీలో కారు నిలిపేవాళ్లయితే ఇది కొనొద్దు. జేబులో బటన్ నొక్కుకుపోయినా ఇంజిన్ నడుస్తుంది, దాని పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉంటే ప్రాణాలకే ముప్పు. నేను బయట నిలుపుతాను, అయినా రెండుసార్లు నొక్కితేనే స్టార్టయ్యేలా పెట్టించాను. మాన్యువల్ గేరు బండ్లకు అన్ని మాడ్యూళ్లూ పనికిరావు. పనికొచ్చేవాటికి ప్రతిసారీ ఒక వరస పాటించాలి: న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఇంజిన్ నడుస్తుండగానే దిగి తలుపు మూయాలి. అప్పుడు మాడ్యూలే ఇంజిన్ ఆపుతుంది. తర్వాత ఎవరైనా తలుపు తెరిస్తే ఆ వరస రద్దు, రిమోట్ స్టార్ట్ ఇక ఉండదు. గేరులో ఉన్న కారు ముందుకు దూకకుండా ఆపేది ఇదే. బద్ధకించి దీన్ని తప్పించమని అడగొద్దు.

సుఖం మాత్రం నిజం. దిగేముందు ఏసీనో హీటర్‌నో కావలసినట్టు పెట్టి వదిలితే, తిరిగి ఎక్కేసరికి సీటు కాలదు, అద్దం మీద మంచు ఉండదు. లోపల కూర్చుని తాళం ఆన్ దాకా తిప్పి, ఆపైన బ్రేకు నొక్కాలి. తాళం తిప్పకుండా బ్రేకు తొక్కితే ఇంజిన్ ఆగిపోతుంది, దొంగకు బండి దక్కకుండా చూసేది అదే. ఈ సుఖానికి ఇంధనం ఖర్చవుతుంది. ఏసీ వేసి నిలబెడితే చిన్న ఇంజినైనా గంటకు లీటరు దాకా తాగొచ్చు. ఇంజిన్ మేలు కోసమని ఎక్కువసేపు నడపక్కర్లేదు, ఇప్పటి ఇంజిన్లు నెమ్మదిగా తోలితేనే త్వరగా వేడెక్కుతాయి. నేను పది నిమిషాలకు దానంతటదే ఆగిపోయేలా పెట్టుకున్నాను.

కారు మార్చే ఆలోచన ఉంటే ఒకటి ముందే అడిగి పెట్టుకోండి. స్టార్టర్ మాడ్యూల్, రిమోట్లు చాలావరకు కొత్త కారుకు మార్చుకోవచ్చు. బైపాస్‌లో మాత్రం ఆ మోడల్ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాలి, కొన్ని కార్లకైతే బైపాస్ పెట్టెనే మార్చాలి. విప్పడానికీ మళ్లీ బిగించడానికీ కూలి విడిగా ఉంటుంది. కొనబోయేది ఎలక్ట్రిక్ కారైతే ఈ గొడవే లేదు, ఎక్కేలోపు క్యాబిన్‌ను చల్లబరిచే ఏర్పాటు చాలావాటిలో కంపెనీ యాప్‌లోనే ఉంటుంది.