భువనగిరి రాయా, హిమాలయమా? కొండలెక్కడం నేర్పే ఇన్‌స్ట్రక్టర్ అవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ఖర్చు, సమయం: రాతి మీద ఎక్కడం నేర్పే భువనగిరి హైదరాబాద్‌కి సుమారు 50 కిలోమీటర్లే, ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. హిమాలయాల్లోని ఉత్తరకాశీలో ఉన్న పర్వతారోహణ సంస్థ (నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్) దారి పొడవు: 28 రోజుల బేసిక్ కోర్సు, అందులో 'A' గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్‌డ్, అక్కడా 'A' గ్రేడ్ తెచ్చుకున్నాకే నేర్పే పద్ధతి మీద కోర్సు.

శ్రమ: ఇక్కడ ఎండకు కాలిపోయే రాయి. అక్కడ చలి, వీపున బరువు, పలచటి గాలి.

రిస్క్: రాతి మీద చాలావరకు మన చేతిలోనే ఉంటుంది, ముడి సరిగ్గా పడిందా, బిలే పట్టినవాడి (ఎక్కేవాళ్లు జారితే ఆపడానికి తాడు పట్టుకునేవాడి) చెయ్యి తాడు మీదే ఉందా అని ప్రతిసారీ, పిల్లలు తొందరపెట్టినా సరే, రెండోసారి చూడాల్సిందే. మంచుచరియలు మాత్రం మన జాగ్రత్తను లెక్కచేయవు.

మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కకముందు భువనగిరి రాతి మీదే శిక్షణ తీసుకుంది, కాబట్టి ఈ రాయిని చిన్నచూపు చూడకండి.

ఉద్యోగం వదల్లేనివాళ్లకు, పిల్లలకు నేర్పడమంటే ఇష్టమున్నవాళ్లకు భువనగిరే మేలు. రెండుమూడేళ్లు పెట్టగలిగి, పెద్ద శిఖరాలకు జట్లను తీసుకెళ్లాలనుకుంటే ఉత్తరకాశీకి వెళ్లండి.