విమ్ హెల్ప్‌లో సొంత రిఫరెన్స్: అంతా బాగుంది, ఆ మొదటి లైను తప్ప

కమాండ్ తెరలోనే (టెర్మినల్) టెక్స్ట్ ఫైళ్లు రాసుకునే విమ్ ఎడిటర్ గురించి ఇప్పుడు కొత్తగా చెప్పేదేముంది? వాడేవాళ్లు వాడుతున్నారు, అందులోంచి బయటికి రావడం తెలియనివాళ్ల మీద జోకులు నడుస్తూనే ఉన్నాయి. నేను చెప్పదలచుకున్నది దాని హెల్ప్ గురించి. దాంతో పాటు వచ్చే హెల్ప్ కాదు. ఆ ఏర్పాటులోనే మన టీమ్ రిఫరెన్స్ పెట్టుకుని, ఏళ్ల తరబడి అప్‌డేట్ చేసుకుంటూ పోతే ఎలా ఉంటుందన్నది.

మాది బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఒక సపోర్ట్ టీమ్. సగానికి పైగా తెలుగువాళ్లమే. మేం చూసే సర్వర్లకు ఇంటర్నెట్ ఉండదు. లోపలికి లాగిన్ అయ్యాక బ్రౌజర్ లేదు, వికీ లేదు, బయటినుంచి కాపీ పేస్ట్ కూడా కుదరదు. ఉండేది విమ్ ఒక్కటే. అందుకని ఏ సర్వీసు ఎలా ఆపాలి, ఏ లాగ్ ఎక్కడుంటుంది, ఏ ఎర్రర్‌కి అర్ధరాత్రి ఎవర్ని లేపాలి, ఇవన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలో రాసి, విమ్ ఫోల్డర్ కింద ‘డాక్’ డైరెక్టరీలో పెట్టుకున్నాం. పేరుకి రెండువైపులా స్టార్ పెడితే ట్యాగ్, అంటే వెతికితే దిగే చోటు; నిలువు గీతలు పెడితే అక్కడికి తీసుకెళ్లే లింకు. ‘హెల్ప్‌ట్యాగ్స్’ కమాండ్ నడిపితే ఆ ట్యాగ్‌ల జాబితా ఒక ఫైలుగా తయారవుతుంది, ఆపైన విమ్ సొంత హెల్ప్ ఎలా తెరుచుకుంటుందో మనదీ అలాగే తెరుచుకుంటుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ట్యాగ్‌ల ఫైలు లైన్ నంబరు గుర్తుపెట్టుకోదు, స్టార్‌ల మధ్య ఉన్న పేరునే వెతుక్కుంటూ వెళ్తుంది. పైన వంద లైన్లు చేర్చినా, సెక్షన్ మొత్తం కిందికి జరిపినా పాత లింకు సరిగ్గా అక్కడికే దిగుతుంది. రిఫరెన్స్ అప్‌డేట్ చేసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? పైగా విమ్ హెల్ప్ మొదటి పేజీలో ‘లోకల్ అడిషన్స్’ అని ఒక చోటుంది. మన ఫైలు మొదటి లైనును అదే తీసుకుని అక్కడ చూపిస్తుంది. విమ్ మాన్యువల్ పేజీలోనే మా ఫైళ్ల పేర్లు కనిపించడం చిన్నపిల్లల సరదాలా అనిపించొచ్చు గానీ, మాకు బాగానే ఉండేది.

తంటా వచ్చింది కూడా ఆ మొదటి లైనుతోనే.

అనంతపురం నుంచి వచ్చిన ఒక కుర్రాడు బ్యాకప్ ఫైలు అప్‌డేట్ చేస్తూ, లోకల్ అడిషన్స్‌లో అందంగా కనిపిస్తుందని మొదటి లైనులో ‘బ్యాకప్ తిరిగి ఎక్కించే పద్ధతి’ అని తెలుగులో రాశాడు. మిగతా ఫైళ్లన్నిటికీ మొదటి లైను ఇంగ్లీషే. ఆ వారాంతంలో ఆన్‌కాల్‌లో ఉన్నమ్మాయి ఫోన్ చేసింది: “అన్నా, రీస్టార్ట్ పేజీ రావట్లేదు. ఈ149, సారీ నో హెల్ప్ అంటోంది.” ఫైలు చూస్తే ఉంది. ట్యాగ్ ఉంది, స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది. విచిత్రమేమిటంటే కొన్ని ట్యాగ్‌లు మామూలుగానే తెరుచుకుంటున్నాయి, కొన్నిటికి మాత్రం ఈ149. పర్మిషన్లా, పాత్ సమస్యా అని అన్నీ చూశాం. చివరికి హెల్ప్‌ట్యాగ్స్‌ని చేత్తో నడిపితే ఈ670 అని వచ్చింది: ఒకే భాష హెల్ప్ ఫైళ్లలో ఎన్‌కోడింగ్‌లు (అక్షరాలను కంప్యూటర్ దాచుకునే పద్ధతులు) కలగలిసి ఉన్నాయట.

విషయం ఇదీ. ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో విమ్ మొదటి లైను చూసే తేల్చుకుంటుంది. ఆ లైనులో ఆస్కీ (మామూలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు) కాని అక్షరం ఒక్కటైనా ఉంటే అన్ని భాషలూ పట్టే యూటీఎఫ్-8, లేకపోతే పశ్చిమ యూరప్ భాషలకు సరిపోయే లాటిన్-1. కింద పేజీల కొద్దీ తెలుగు ఉన్నా లెక్కలోకి రాదు. ఒకే భాష ఫైళ్లు (భాష లెక్క ఫైలు ఎక్స్‌టెన్షన్‌ని బట్టే) కొన్ని అలా, కొన్ని ఇలా ఉంటే అక్కడితో ఆగిపోయి, మిగతా ఫైళ్ల ట్యాగ్‌లు వదిలేస్తుంది. మేం ఎర్రర్ చూడకపోవడానికి కారణం, ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన స్క్రిప్టు. గిట్ పుల్ అయిన (అంటే ఫైళ్ల కొత్త మార్పులు దిగిన) ప్రతిసారీ హెల్ప్‌ట్యాగ్స్ నడిపి, వచ్చిన మెసేజ్‌లన్నీ చెత్తబుట్టలో పడేస్తోంది.

ఈ నియమం హెల్ప్‌లో స్పష్టంగా రాసే ఉంది. కాకపోతే అనువాదాల సెక్షన్‌లో. ఇంగ్లీషు ఫైలులో ఒక్క తెలుగు ముక్క రాసుకునేవాడు అటువైపు ఎందుకు వెళ్తాడు?

వేరే భాష ఫైళ్లకు వేరే ఎక్స్‌టెన్షన్ పెట్టే వీలుంది. భాష కోడ్ రెండక్షరాలు, చివర ఎక్స్: జపనీస్‌కి జేఏఎక్స్, ఇటాలియన్‌కి ఐటీఎక్స్. ఆ లెక్కన తెలుగుకి టీఈఎక్స్. అంటే ‘టెక్స్’, పుస్తకాలూ పేపర్లూ అచ్చుకి కూర్చే లాటెక్ ఫైళ్లు వాడేదే! ఎడిట్ చేద్దామని మామూలుగా తెరిస్తే విమే దాన్ని ఆ రకం ఫైలు అనుకుంటుంది. ఆ ఆలోచన మానుకుని, అన్ని ఫైళ్ల మొదటి లైనులోనూ తెలుగు మాట ఒకటి చేర్చాం. మా కన్నడ స్నేహితుడు తన ఫైళ్లకు కన్నడలో రాసుకున్నాడు. విమ్‌కి ఏదైనా ఒకటే.

పైన అంత మెచ్చుకున్నాను గానీ, లింకు తెగకపోయినంత మాత్రాన రిఫరెన్స్ తాజాగా ఉన్నట్టు కాదు. ఎప్పుడో తీసేసిన సర్వీసు పేజీ కూడా అంతే ఠీవిగా తెరుచుకుంటుంది. విమ్ సొంత హెల్ప్ ఫైళ్లలో పైన ‘లాస్ట్ చేంజ్’ తేదీ ఉంటుంది. చూసి మేమూ పెట్టుకున్నాం, మార్చడం మాత్రం ఎవరికీ గుర్తుండదు. 1991లో మొదటి విడుదల నుంచి 2023లో చనిపోయేదాకా బ్రామ్ మూలెనార్ విమ్‌ని చూసుకున్నారు, తర్వాత క్రిస్టియన్ బ్రాబాంట్ అందుకున్నారు. అలా పట్టించుకునే మనిషి ఉంటేనే డాక్యుమెంట్ బతుకుతుంది. మా టీమ్‌లో ఆ పని ఎవరి పేరు మీదా లేదు. ఇంకోటి, నా టెర్మినల్‌లో తెలుగు వత్తులు విరిగి కనిపిస్తాయి. అందుకే శీర్షికల వరకే తెలుగు.

ఇంటర్నెట్ ఉన్న టీమ్ అయితే వికీ పెట్టుకోండి, వెతకడం తేలిక, బొమ్మలు పెట్టుకోవచ్చు. వీఎస్ కోడ్ లాంటి మౌస్‌తో నడిచే ఎడిటర్ అలవాటైన పిల్లలకు ఇది రుద్దమని నేను చెప్పను, మా వాళ్లే కొందరు గొణుగుతారు. మాలాగా తలుపులేసిన సర్వర్ల మధ్య రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకైతే పనికొస్తుంది. మొదలుపెట్టేముందు ఆ సర్వర్‌లో ఉన్నది పూర్తి విమ్ అవునో కాదో చూసుకోండి. ఉబుంటులో ‘విమ్-టైనీ’ ఒక్కటే ఉంటే అసలు హెల్ప్ పుస్తకమే దాంతో రాదు.