ఫ్రీమేసన్రీ చిహ్నాలకు అర్థం: నీతిలోనా, చరిత్రలోనా, మార్మికతలోనా?

24 అంగుళాల కొలబద్ద, సుత్తి, మూలమట్టం, వృత్తలేఖిని, తాపీ. ఏ మేస్త్రీ సంచిలోనైనా ఉండే సరంజామానే. ఫ్రీమేసన్రీ రాతిమేస్త్రీల పనిముట్లను చిహ్నాలుగా చేసుకున్న సోదర సంఘం. దాని స్థానిక శాఖ అయిన లాడ్జిలో వీటితో గోడ కట్టరు, మనిషిని కడతామంటారు. ఆ కట్టడం ఎలాంటిదన్న చోట దారులు మూడుగా చీలతాయి. క్రతువు తన నోటితో చెప్పే నీతినే అర్థంగా తీసుకోవడం ఒకటి. ఆ చిహ్నం ఎప్పుడు, ఎక్కణ్ణుంచి వచ్చిందో పాత ప్రతుల్లో వెతకడం రెండోది. నీతి పైపొర మాత్రమేనని, లోపల ఆత్మ ప్రయాణం దాగుందని చదవడం మూడోది.

మా లెక్కలో నీతితో మొదలుపెట్టాలి, చరిత్రను కాపలా పెట్టుకోవాలి, మార్మికతను ఒక షరతు మీద రానివ్వాలి. క్రతువులో కంటికి కనిపించే కదలిక ఒకటి ఆ భాష్యానికి ఆధారంగా ఉండాలి. అంకెల పోలిక, పేర్ల పోలిక చాలవు.

కొలబద్ద దగ్గర నీతికి పోటీ లేదు. అంగుళాలు 24, రోజుకు గంటలూ 24. అమెరికా లాడ్జీల పాఠం దాన్ని ఎనిమిదేసి గంటల చొప్పున మూడు భాగాలు చేస్తుంది: దైవానికీ కష్టంలో ఉన్న సోదరుడికీ ఒకటి, వృత్తికి ఒకటి, సేదదీరడానికీ నిద్రకూ ఒకటి. ఇంగ్లండులో బాగా వాడుకలో ఉన్న ఎమ్యులేషన్ అనే క్రతువు పాఠంలో ఈ ఎనిమిదుల లెక్క లేదు. కొంత ప్రార్థనకు, కొంత పనికీ విశ్రాంతికీ, కొంత అవసరంలో ఉన్న మిత్రుడికో సోదరుడికో. అదీ తనకూ తనవాళ్లకూ నష్టం రాకుండా. మొదటిది దినచర్య పట్టిక. రెండోది దేనికి ఎంతో చెప్పదు, ఏదీ వదలొద్దంటుంది. రెండు పాఠాలనూ కలిపేసి ‘మేసన్రీ ఇలా అంటుంది’ అని చెప్పడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు.

అదే పొరపాటు పనిముట్ల సంఖ్య దగ్గర ఇంకా ఖరీదైనది. సభ్యుడు ఒక్కో మెట్టుగా పొందే దీక్షను డిగ్రీ అంటారు. ఇంగ్లీషు క్రతువులో మొదటి డిగ్రీకి పనిముట్లు మూడు: కొలబద్ద, సుత్తి, ఉలి. అమెరికాలో ఉలి లేదు, రెండే. మూడో డిగ్రీకి అమెరికాలో తాపీది ముఖ్యస్థానం. ఇంగ్లండులో తాపీ ఊసే ఉండదు; అక్కడ వృత్తలేఖిని, పెన్సిలు, నేల మీద గీత పట్టడానికి దారం చుట్టిన స్కిరెట్. మొదటి డిగ్రీలోని మూడు పనిముట్లూ శరీరం, మనసు, ఆత్మ అని ఎవరైనా భాష్యం రాస్తే అది అట్లాంటిక్ దాటగానే కూలిపోతుంది. కాబట్టి భాష్యానికి ముందు ఏ గ్రాండ్ లాడ్జి (లాడ్జీల పై సంస్థ) పాఠం చదువుతున్నామో తేల్చుకోవాలి.

రెండో డిగ్రీలోని మెలికల మెట్లు చరిత్ర అక్కరకొచ్చే చోటు. అమెరికా పాఠంలో మెట్లు 3, 5, 7గా విడిపోతాయి. మొత్తం 15. అయిదు వాస్తు శైలులు, అయిదు ఇంద్రియాలు, ఏడు విద్యలు ఇక్కడే వస్తాయి. ఇంగ్లీషు పాఠం మాత్రం లాడ్జిని నడిపేది ముగ్గురు, నిలిపేది అయిదుగురు, సంపూర్ణం చేసేది ఏడుగురు లేదా అంతకు మించి అంటుంది. 15 అనే అంకె మీద గూఢార్థాలు అల్లినవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ 1730లో సామ్యూల్ ప్రిచర్డ్ అనే ఆయన అచ్చువేసి బయటపెట్టిన లాడ్జి పాఠంలో మెట్లెన్ని అంటే ‘ఏడు లేదా అంతకు మించి’ అనే జవాబు. 15 మొదటినుంచీ ఉన్న రహస్యమైతే ఈ జవాబు పుట్టదు. అలాగే డాలరు నోటు మీది కన్ను. ఆ కన్నున్న అమెరికా ప్రభుత్వ ముద్ర 1782 నాటిది. లాడ్జి పాఠంలో ఆ కన్నును పరిచయం చేసిన పుస్తకం, థామస్ స్మిత్ వెబ్ రాసిన ‘మానిటర్’, 1797లో వచ్చింది. ముద్ర లాడ్జి నుంచి వచ్చిందనే కథకు కాళ్లు లేవు.

మేసన్రీ క్రతువు ప్రాచీన ఈజిప్టు నుంచి వచ్చిందనే వాదానికీ ఇదే పరీక్ష. మూడో డిగ్రీ 1730 నాటికే అచ్చులో ఉంది. ఈజిప్టు చిత్రలిపిని ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ చదవగలిగింది 1822లో. అంతకుముందు యూరప్‌లో ఆ లిపి చదివి క్రతువు రాయగల మనిషి లేడు.

ఇక మార్మిక భాష్యం గెలిచే చోట్లు. అవి తక్కువే గాని బరువైనవి.

మొదటిది, పవిత్ర గ్రంథం మీద మూలమట్టం, వృత్తలేఖిని ఉంచే తీరు. మొదటి డిగ్రీలో వృత్తలేఖిని మొనలు రెండూ మూలమట్టం కింద దాగి ఉంటాయి. రెండో డిగ్రీలో ఒక మొన పైకి వస్తుంది. మూడో డిగ్రీలో రెండూ. ఇంగ్లీషు క్రతువు దీనికి చెప్పే అర్థం మహా పలచన: ఒక మొన కనిపిస్తే సగం దూరం వచ్చినట్టు, రెండూ కనిపిస్తే విధుల వలయాన్ని పూర్తి చేయవచ్చన్నట్టు. మార్మికుల మాట వేరు. నాలుగు పలకల దేహం మూలమట్టం, ఆకాశాన్ని చుట్టే చైతన్యం వృత్తలేఖిని, దేహం కింద అణిగున్నది మెల్లగా పైకి తేలుతోంది అంటారు. ఇది గాలిలో అల్లింది కాదు. మొనలు నిజంగానే కదులుతున్నాయి, అదీ ఈ వరుసలోనే.

రెండోది మూడో డిగ్రీలోని హైరమ్ కథ. అందులో మందిర నిర్మాత హైరమ్ రహస్యపు మాట చెప్పనందుకు హత్యకు గురవుతాడు, ఆ మాట పోతుంది, దాని బదులు మరో మాట వాడతారు. బైబిలు రాజుల మొదటి గ్రంథం 7వ అధ్యాయంలో హైరమ్ నఫ్తాలి గోత్రపు విధవరాలి కొడుకు, కంచుపనివాడు. సొలొమోను మందిరం పని పూర్తి చేస్తాడు. హత్య లేదు, పోయిన మాటా లేదు. మరి క్రతువులోని కథ ఎక్కడిది? 1726 తేదీ ఉన్న గ్రాహం రాతప్రతిలో నోవహు ముగ్గురు కొడుకులూ తండ్రి సమాధి దగ్గరికి రహస్యం వెతుక్కుంటూ వెళతారు. అసలుది దొరక్కపోతే మొదట చేతికి తగిలిందే రహస్యమనుకుందామని ముందే ఒప్పందం చేసుకుంటారు. శవాన్ని లేపుతారు. అంటే పాత్ర మారినా ప్రత్యామ్నాయపు మాట అనే ఎముక అదే. చరిత్ర ఇంతవరకు తీసుకొస్తుంది, ఇక్కడ ఆగుతుంది. ఆ ఎముక ఎందుకు గుచ్చుకుంటుందో చెప్పలేదు.

నీతి చెప్పేది: ప్రాణం పోయినా మాట తప్పకు, చావుకు సిద్ధంగా ఉండు. సరైనదే, కానీ ఒక విషయాన్ని వదిలేస్తుంది. అభ్యర్థి ఈ కథను చూడడు. అతణ్ణే పడుకోబెడతారు, అతణ్ణే లేపుతారు. 1922లో మార్మిక భాష్యకారుడు విల్మ్స్‌హర్స్ట్ పట్టుకున్నది దీన్నే: చావాల్సింది ‘నేను’, లేవాల్సింది లోపలివాడు. బతికుండగానే చచ్చి పుట్టడం, ద్విజత్వం తెలిసిన పాఠకుడికి ఇది కొత్తగా అనిపించదు.

ఆ దగ్గరితనమే మన పాఠకులకు ఉచ్చు కూడా. 1926లో దివ్యజ్ఞాన సమాజానికి చెందిన లెడ్‌బీటర్ మొదటి డిగ్రీని ఇడకు, రెండోదాన్ని పింగళకు, మూడోదాన్ని సుషుమ్నకు కట్టాడు. చదవడానికి బావుంటుంది. కానీ క్రతువులో శ్వాస గురించి గానీ వెన్ను గురించి గానీ ఏ కదలికా ఈ జోడింపును అడగదు. మూడుకు మూడు సరిపోయిందంతే. మా షరతు ముందు ఇది నిలవదు.

మరొక తప్పు, మూడో డిగ్రీ దగ్గరే తలుపు వేసేయడం. ‘పోయిన మాట ఎన్నటికీ దొరకదు, అన్వేషణే సత్యం’ అని ముగించేవాళ్లుంటారు. 1813లో ఇంగ్లండులోని రెండు గ్రాండ్ లాడ్జీలు ఏకమైనప్పుడు రాసుకున్న ఒప్పందం ప్రకారం శుద్ధ ప్రాచీన మేసన్రీ అంటే మూడు డిగ్రీలు, వాటిలో భాగంగా హోలీ రాయల్ ఆర్చ్ అనే క్రతువు. అందులో కథ రెండో మందిర నిర్మాణ కాలానికి వెళుతుంది, నేలమాళిగలో మాట దొరుకుతుంది. దొరకదన్న తత్త్వం సగం కథ మీద కట్టిన గోడ.

ఒక చిహ్నాన్ని చదవాలంటే కాగితం మీద నాలుగు వాక్యాలు చాలు, ఇదే వరుసలో. క్రతువు దాని గురించి అక్షరాలా ఏమంది. అది ఎక్కడ ఉంటుంది, ఎవరు ఎప్పుడు కదిలిస్తారు. అచ్చులో ఎప్పుడు కనిపించింది. ఆ తర్వాతే నాకు ఏమనిపిస్తోంది. ఆ వాక్యం ‘నాకు’ అనే మొదలవ్వాలి, ఎందుకంటే నాలుగో అర్థాన్ని లాడ్జి తరఫున చెప్పే అధికారం ఎవరికీ లేదు. లాడ్జిలో చిహ్నంగా ఉండే జీ (G) అక్షరాన్నే తీసుకోండి. 1730 పాఠంలో దానికి అర్థం జ్యామితి, అయిదో శాస్త్రం. తర్వాతి ప్రశ్నల్లో విశ్వనిర్మాత. ఇంగ్లీషులో దేవుడి పేరూ అదే అక్షరంతో మొదలవుతుంది గనక రెండూ అతుకుతాయి. ఫ్రెంచిలో దేవుడు ‘ద్యు’. అయినా అక్కడి లాడ్జీల్లోనూ జీ అక్షరమే ఉంటుంది, జ్యామితి కారణంగా. కాబట్టి నాలుగో వాక్యం రాసేటప్పుడు జ్యామితి నుంచి కదలండి, పేరులోని అక్షరం నుంచి కాదు.