41,000 తిరిగిన 2012 స్విఫ్ట్ కొన్నాక నాకు పడిన బిల్లులు

2022 ఆగస్టులో ఏఎస్ రావు నగర్‌లో ఒక రిటైర్డ్ సార్ దగ్గర 2012 స్విఫ్ట్ పెట్రోల్ వీఎక్స్ఐ కొన్నాను. ఏపీ 29 నంబరు, సింగిల్ ఓనర్, మీటరు మీద 41,000 కిలోమీటర్లు, 3 లక్షల 10 వేలు. మన ఊళ్ళో పాత బండి అమ్మే ప్రతివాడూ "డాక్టర్ గారు వాడిన బండి" అంటాడు కదా, ఇది మాత్రం నిజంగానే ఆ రకం. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. సర్వీసు కాగితాలు వరసగా ఫైల్లో పెట్టి ఇచ్చారు.

అంతకు ముందు చూసిన రెండు బండ్లూ తిప్పలే. ఒకదాని వెనక సీటు బెల్టు చివరిదాకా లాగితే ఎండిన బురద చార కనిపించింది, సీటు కింద ఇనప పట్టాలు తుప్పు పట్టి ఉన్నాయి. 2020 అక్టోబర్ వరదల్లో మునిగిన బండి అయ్యుంటుందని దణ్ణం పెట్టి వచ్చేశాను. అప్పుడు మునిగిన బండ్లు ఎన్నో కడిగి, పాలిష్ కొట్టి మళ్ళీ బజారుకు వచ్చాయి, అందుకని హైదరాబాద్‌లో పాత కారు చూసేటప్పుడు కార్పెట్ ఎత్తి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

సరే, సార్ బండి దొరికింది, ఇంజన్ స్మూత్, తిరిగింది తక్కువ, ఇంకేం టెన్షన్ అనుకున్నా. రెండు వారాలకి రామంతపూర్‌లో మా మెకానిక్ కిందికి దూరి చూసి లేచి ఒకటే మాట అన్నాడు: "గీ బండి తిరిగి కరాబు కాలే సార్, నిలబడే ముసల్దైంది."

అప్పుడు అర్థం కాలేదు, ఏడాదిలో బిల్లులే చెప్పాయి. ముందు టైర్లు. గాళ్ళు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి, కానీ పక్కన అచ్చులో నాలుగంకెలు ఉంటాయి చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, అవి 1916 అని ఉన్నాయి. అంటే 2016లో చేసినవి, అప్పటికే ఆరేళ్ళు దాటాయి. రబ్బరు గట్టిపడి మొదటి వానకే ఉప్పల్ దగ్గర బ్రేకు తొక్కితే బండి జారింది, ముందున్న ఆటోకి జానెడు దూరంలో ఆగాను. నాలుగు టైర్లు 18,400. తర్వాత చక్రాలను బాడీకి కలిపే సస్పెన్షన్ భాగాలు, అంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, పైన స్ట్రట్ మౌంట్లు కలిపి 11,500. ఇంజన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు, అదే ఇంజన్ మౌంట్లు 6,200, ఇవి మార్చేదాకా సిగ్నల్ దగ్గర స్టీరింగ్ వణికేది. కూలెంట్ పైపులు, థర్మోస్టాట్ 4,800. బ్యాటరీ 4,300. ఏసీ కూలింగ్ కాయిల్ లీకు, 9,500. మొత్తం 54,700 అయ్యింది, అదీ స్పేర్లు కొన్ని నేనే రాణీగంజ్ వెళ్ళి తెచ్చుకుంటే. ఇవన్నీ కంపెనీ తప్పని అనను. పదేళ్ళు ఎండకి నిలబడితే ఏ బండి రబ్బరైనా పగులుతుంది. నాదే తప్పు, మీటరు చూసి మురిసిపోయి, వయసు పట్టించుకోలేదు. అదే ధరకి 80,000 తిరిగి, ఏటేటా ఇవన్నీ మార్చుకుంటూ వచ్చిన బండి దొరికి ఉంటే అదే కొనేవాణ్ణి.

ఆ ఏడాది తర్వాత మాత్రం బండి నోరెత్తలేదు. ఇప్పుడు మీటరు 79,000 దాటింది. 1197 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్, లోపల వాల్వులను టైమింగ్ ప్రకారం తిప్పేది బెల్టు కాదు, చెయిన్, కాబట్టి ఇన్ని వేల కిలోమీటర్లకి బెల్టు మార్చాలన్న ఖర్చు లేదు. ఏటా సర్వీసు ఐదారు వేలు. పోయినేడాది క్లచ్ మార్చాను, 9,800, అది అమీర్‌పేట ట్రాఫిక్ తిన్న ఖర్చు.

మైలేజీ కంపెనీ లెక్కలో 18.6, నాకు ఏసీ వేసుకుని సిటీలో 12-13, ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కితే 17 దాకా. ఇక్కడ పెట్రోలు 107 రూపాయల లెక్కన సిటీలో కిలోమీటరుకి 8 రూపాయలు పైనే పడుతోంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, 2012 బండి దాని కోసం చేసింది కాదు. మైలేజీ కాస్త తగ్గినట్టే అనిపిస్తోంది. ఇథనాల్ పాత రబ్బరుకి పడదని మా మెకానిక్ పెట్రోలు పైపు కూడా ముందే మార్పించేశాడు. మళ్ళీ రబ్బరే!

ఇన్సూరెన్స్ విషయంలో ఒక చిన్న సంగతి. ఇంజన్ 1000 సీసీ దాటితే థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి) ప్రీమియం 3,416, జీఎస్టీతో 4,030 దాకా. వెయ్యి లోపు బండికి 2,094 ప్లస్ జీఎస్టీయే. ఓనరు గారి నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మనకు రాదు, అది ఆయనతోనే పోతుంది. బండి పేరు మార్చుకునే ముందు పాత చలాన్లు ఆన్‌లైన్లో చూసుకోండి, సార్‌కి తెలియకుండానే నాలుగు ఉన్నాయి, పాపం ఆయనే సిగ్గుపడి కట్టారు.

డబ్బు పెట్టినా బాగుపడనిది ఒకటుంది. నా బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు. 2014లో కార్ల భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఎయిర్‌బ్యాగులు లేని మన స్విఫ్ట్‌ని గుద్ది చూస్తే పెద్దవాళ్ళ రక్షణకి సున్నా స్టార్లు వచ్చాయి. కొనే ముందు ఈ సంగతి నాకు తెలియదు, తెలిస్తే కొనేవాణ్ణో లేదో. మా అత్తగారిని యాదగిరిగుట్ట తీసుకెళ్ళినా, ఓఆర్‌ఆర్ ఎక్కినా 80 దాటను, వెనక బండ్లు హారన్ కొట్టినా సరే. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చుంటే ఇరుకు, డిక్కీలో రెండు సూట్‌కేసులు పడితే గొప్ప. రోజూ హైవే మీద తిరిగేవాళ్ళకి ఈ బండి కొనమని చెప్పను. ఉప్పల్ నుంచి తార్నాక, తార్నాక నుంచి కోఠి తిరిగేవాడికి చాలు.

2027లో ఆర్సీకి పదిహేనేళ్ళు నిండుతాయి. ఫిట్‌నెస్ చేయించాలి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 5,000, దాని మీద పాత బండ్లకి వేసే గ్రీన్ ట్యాక్స్. మొన్న ఒక బ్రోకర్ 2 లక్షల 10 వేలు ఇస్తానన్నాడు. ఇవ్వనన్నాను. కొత్త బుష్‌లు, కొత్త మౌంట్లు, నేను కొన్నాక మార్చిన టైర్లు ఉన్న బండి అదే డబ్బుకి నాకెవడిస్తాడు? వచ్చే నెల బ్రేక్ హోస్‌లు (బ్రేక్ ఆయిల్ వెళ్ళే రబ్బరు పైపులు) మార్చాలట. మెకానిక్ చెప్పేశాడు.