యూఎస్‌డీటీ ఇచ్చి మొనేరో తీసుకోవడం: ఒక స్వాప్ సేవను రెండుసార్లు వాడాక నా అభిప్రాయం

ఒక పరిచయస్థుడితో కలిసి నేను చిన్న సర్వర్‌ను అద్దెకు వాడుకుంటున్నాను. నా వంతు అద్దెను ప్రతి నెలా యూఎస్‌డీటీ (డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో నాణెం) రూపంలో, ట్రాన్ అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ మీద ఆయనకు పంపేవాణ్ణి. ఒక నెల, డబ్బు అందిందన్న జవాబుతో పాటే, "మీ దగ్గర రెండు వేల మూడు వందల డాలర్ల పైచిలుకు ఉన్నట్టుంది, ఓ ఎనిమిది వందలు చేబదులు సర్దగలరా" అన్న మాట కూడా వచ్చింది. ఆయన దొంగచాటుగా ఏమీ చూడలేదు. నా చిరునామాను ట్రాన్ ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే ఆ నెట్‌వర్క్ లావాదేవీలన్నిటినీ అందరికీ చూపే వెబ్‌సైట్‌లో, అతికిస్తే నిల్వ ఎంత ఉందో, ఏ రోజున ఏ చిరునామాకు ఎంత వెళ్లిందో ఎవరికైనా కనిపిస్తుంది. చెక్కు రాసిచ్చినంత మాత్రాన అవతలివారి చేతికి మన పాస్‌బుక్ వెళ్లదు గానీ, యూఎస్‌డీటీ పంపితే ఇంచుమించు పాస్‌బుక్ చేతికిచ్చినట్టే. మొత్తాలనూ చిరునామాలనూ బయటివారికి చూపించని క్రిప్టో నాణెం మొనేరో. అద్దెను అందులో చెల్లిద్దామని ఆ తర్వాతే ఇద్దరం అనుకున్నాం.

అయితే మొనేరో దొరకడమే ఇప్పుడు కష్టం. పెద్ద క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లలో 2024 జనవరిలో ఓకేఎక్స్, అదే ఏడాది ఫిబ్రవరి 20న బైనాన్స్ దాన్ని తమ జాబితాల నుంచి తొలగించాయి. అందువల్ల నమోదు అవసరం లేదని చెప్పే తక్షణ స్వాప్ సేవలే, అంటే ఒక క్రిప్టో తీసుకుని వెంటనే మరొకటి పంపే వెబ్‌సైట్లే, చాలామందికి దారి అయ్యాయి. నేను వాడింది కూడా అలాంటిదే; రెండోసారి నాకు ఎదురైన అనుభవం దృష్ట్యా దాని పేరు రాయడం లేదు.

మొదటిసారి 200 యూఎస్‌డీటీ మార్చాను. తెర మీద మూడు గడులు ఉంటాయి: ఏమి ఇస్తున్నాం, ఏమి కావాలి, ఎక్కడికి పంపాలి. ఇక్కడ అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది నెట్‌వర్క్. యూఎస్‌డీటీ ఇథీరియం మీదా ఉంది, ట్రాన్ మీదా ఉంది, ఇంకా చాలాచోట్ల ఉంది. వాళ్లు ఏ నెట్‌వర్క్‌కు చిరునామా ఇచ్చారో దాని మీదనే పంపాలి, లేకపోతే డబ్బు తిరిగి రావడం వాళ్ల దయ మీద ఆధారపడుతుంది. మొనేరో చిరునామా 95 అక్షరాల పొడవు ఉంటుంది, 4తో గానీ 8తో గానీ మొదలవుతుంది. దాన్ని అతికించాక మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలను నా వాలెట్‌లో (నాణేలు దాచుకునే యాప్‌లో) ఉన్నదానితో సరిపోల్చుకున్నాను, ఎందుకంటే కాపీ చేసిన చిరునామాను మధ్యలో మార్చేసే మాల్వేర్‌లు ఉన్నాయి. ఏదైనా తేడా వస్తే డబ్బు వెనక్కి పంపడానికి వాళ్లు అడిగే రీఫండ్ చిరునామాను చాలామంది ఖాళీగా వదిలేస్తారు. నేను దాన్ని నింపాను, అది ఎంత మంచి పని అయ్యిందో తర్వాత తెలిసింది. పంపేవారి వాలెట్‌లో రుసుము కోసం కొద్దిగా టీఆర్‌ఎక్స్ (ట్రాన్ సొంత నాణెం) కూడా ఉండాలి. వంద యూఎస్‌డీటీలు ఉన్నా అది లేకపోతే లావాదేవీ కదలదు.

ట్రాన్ వైపు ఒక నిమిషంలో ధ్రువీకరణ అయిపోయింది. మొనేరో నా ఫెదర్ (ఒక మొనేరో వాలెట్) లోకి పద్దెనిమిది నిమిషాల్లో చేరింది, కానీ చేరిన వెంటనే ఖర్చు పెట్టడానికి వీలు లేదు. పది బ్లాకులు (లావాదేవీలను గుంపుగా నమోదు చేసే విడతలు) గడిచేదాకా ఆ మొత్తం తాళం వేసినట్టు ఉంటుంది. బ్లాకుకు సగటున రెండు నిమిషాలు కాబట్టి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. ఇది స్వాప్ సేవ చేసిన ఆలస్యం కాదు, మొనేరో నిబంధన. రుసుము లేదని రాసుకున్నారు గానీ, ఆ నిమిషంలో మార్కెట్ ధరతో పోల్చి లెక్క వేస్తే నాకు సుమారు రెండు శాతం తక్కువే వచ్చింది. రుసుమును ధరలోనే కలిపేశారన్నమాట. ఆ సౌకర్యానికి రెండు శాతం అన్యాయమని నేను అనను, కానీ లేదని చెప్పడం మాత్రం సరైన మాట కాదు.

ఆ రాత్రి రెండు ఎక్స్‌ప్లోరర్లనూ పక్కపక్కన తెరిచి చూశాను. ట్రాన్ పేజీలో పంపిన చిరునామా, అందుకున్న చిరునామా, 200 అన్న అంకె స్పష్టంగా ఉన్నాయి. మొనేరో పేజీలో మొత్తం లేదు, చిరునామాలు లేవు. ఖర్చయిన నాణెం ఏదో తెలియకుండా అసలుదాన్ని మరో పదిహేనింటితో కలిపి, మొత్తం పదహారింటి వలయంగా చూపించారు. 2022 ఆగస్టు నుంచి ఆ వలయం పరిమాణం పదహారు. మొత్తాలను దాచే పద్ధతి 2017 నుంచి ఉంది. అందుకునేవారికి ప్రతిసారీ ఒకసారికే పనికివచ్చే చిరునామా పుడుతుంది కాబట్టి నా అసలు చిరునామా లెడ్జర్‌లో (అందరికీ కనిపించే లావాదేవీల పద్దులో) ఎక్కడా కనిపించదు. ఇకపై అద్దె అందుకునే నా మిత్రుడికి ఆ నెల అద్దె మాత్రమే కనిపిస్తుంది.

స్వాప్ సేవకు మాత్రం నేను కనిపిస్తూనే ఉన్నాను, ఈ సంగతి కొత్తవారు తప్పక గ్రహించాలి. ఏ ట్రాన్ చిరునామా నుంచి వచ్చింది, ఏ మొనేరో చిరునామాకు పంపారు, ఏ ఐపీ నుంచి అడిగారు అన్న మూడూ వాళ్ల దగ్గర ఉంటాయి. గోప్యత మొనేరో లెడ్జర్‌కు ఉంది, దాని గుమ్మం దగ్గర కూర్చున్న దుకాణానికి లేదు.

రెండోసారి 500 యూఎస్‌డీటీ పంపినప్పుడు నాకు ఇది అనుభవంలోకి వచ్చింది. డబ్బు అందినట్టు తెర చూపించింది, గంట తర్వాత స్థితి "పరిశీలనలో ఉంది" అని మారింది. నిధుల మూలాన్ని తెలిపే పత్రాలు, గుర్తింపు కార్డు పంపమని ఈమెయిల్ వచ్చింది. అవి నేను ఒక భారతీయ ఎక్స్ఛేంజ్‌లో కేవైసీ పూర్తిచేసి కొన్నవే కాబట్టి ఆ స్టేట్‌మెంట్ పంపగలిగాను. గుర్తింపు కార్డు ఇవ్వడం ఇష్టం లేక, డబ్బును రీఫండ్ చిరునామాకే పంపమన్నాను. మూడు రోజులు ఏడు ఉత్తరాలు నడిచాక, స్టేట్‌మెంట్ చాలన్నారు, మొనేరో పంపారు, కానీ నేను మొదట చూసిన ధరకు కాదు. నేను ఎంచుకున్నది మారే ధర, అంటే మార్చే క్షణంలో ఉన్న ధరే వర్తిస్తుంది. ఈలోగా మొనేరో పెరిగింది, నాకు నాలుగు శాతం తగ్గింది. స్థిర ధర ఎంచుకుని ఉంటే కొంచెం ఎక్కువ తేడా కట్టినా ఈ మధ్యకాలపు నష్టం వాళ్లది అయ్యేదేమోనని అడిగాను. పరిశీలన జరిగితే స్థిర ధర కూడా రద్దవుతుందని జవాబిచ్చారు.

అనుమానాస్పద నిధులను ఆపే బాధ్యత వాళ్లకు ఉండవచ్చు, దాన్ని నేను తప్పుపట్టను. నా ఫిర్యాదు వేరే. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో "నమోదు లేదు, ప్రశ్నలు లేవు" అని ఉంది, ప్రశ్నలు ఉండవచ్చన్న వాక్యం మాత్రం నిబంధనల పేజీలో చాలా కిందకు వెళితే తప్ప కనబడదు. పత్రాలు దాచుకోనివారు, కొన్నది ఎక్కడో గుర్తులేనివారు ఇదే పరిస్థితిలో ఉంటే ఏమి చేసేవారో తలచుకుంటేనే బాధగా ఉంది.

మనవాళ్లకు ఇంకొక మాట. భారతదేశంలో ఒక క్రిప్టో ఇచ్చి మరొకటి తీసుకోవడం కూడా బదిలీ కిందే లెక్క. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను ఉంది, ఆ ఏడాది జూలై 1 నుంచి ఒక శాతం టీడీఎస్ నిబంధన కూడా వచ్చింది. యూఎస్‌డీటీ విలువ డాలరుతో మారదు కదా అని ఊరుకోకూడదు. కొన్నరోజుకీ మార్చినరోజుకీ మధ్య రూపాయి పడిపోతే ఆ తేడా కూడా లాభమే. ఇలాంటి విదేశీ సేవ మన తరఫున టీడీఎస్ కట్టదు కాబట్టి, ఎవరు ఎంత కట్టాలో ముందే ఆడిటరుతో మాట్లాడుకోవాలి. మొనేరో లెడ్జర్‌లో మొత్తం కనిపించదు కనుక రుజువు మనమే దాచుకోవాలి: నేను స్వాప్ ఆర్డరు పేజీని, రెండు వైపుల లావాదేవీ సంఖ్యలను, ఆనాటి రూపాయి విలువను ఒకే ఫైలులో పెడుతున్నాను.

ఇప్పటికీ ఆ సేవనే వాడుతున్నాను, అయితే ఒక నెల అద్దెకు మించి ఒకేసారి పంపడం లేదు. పరిశీలన జరిగే అవకాశం ఉందన్న వాక్యాన్ని చిరునామా గడి పక్కనే పెట్టమని వాళ్లకు రాశాను. సంబంధిత బృందానికి తెలియజేస్తామన్నారు. ఇది రాస్తున్న రోజున కూడా మొదటి పేజీలో "ప్రశ్నలు లేవు" అనే ఉంది.